కోల్డ్ ఫ్యూజన్‌లో నాలుగేళ్లు అయిపోయాయి, ఇప్పుడు నా దారేంటి?

ప్రశ్న: నమస్తే అండి. మాది ఉప్పలగుప్తం దగ్గర పల్లెటూరు. అమలాపురంలో బీటెక్ చేసి 2021లో కాకినాడలో ఒక చిన్న కంపెనీలో చేరాను. మొత్తం పద్నాలుగు మందిమి. అమెరికాలో ఇన్సూరెన్స్ వ్యాపారం చేసే ఇద్దరు క్లయింట్ల వెబ్‌సైట్లు చూస్తాం. అన్నీ కోల్డ్ ఫ్యూజన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినవే. చేరేదాకా ఆ పేరు కూడా నేను వినలేదు. నాతో చదివినవాళ్లు హైదరాబాద్‌లో జావా, రియాక్ట్ లాంటి గిరాకీ ఉన్న వాటి మీద చేస్తూ నాకు రెండింతలు తెచ్చుకుంటున్నారు. జాబ్ సైట్లలో కోల్డ్ ఫ్యూజన్ అని కొడితే పట్టుమని పది ఉద్యోగాలు కూడా కనిపించవు. నాలుగేళ్ల అనుభవాన్నీ జావా అని రెజ్యూమెలో మార్చేద్దామని ఒక కన్సల్టెన్సీ ఆయన అంటున్నాడు. ఇంటి దగ్గరున్న ఉద్యోగం వదలొద్దని, కాలువ చివర వ్యవసాయం చేసుకునే నాన్నగారు అంటున్నారు. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నేను నాలుగేళ్లు వేస్ట్ చేసుకున్నానా? ఇప్పుడేం చేయాలి?

సమాధానం: అమ్మా, ముందు కన్సల్టెన్సీ సంగతి తేల్చేద్దాం. దయచేసి ఆ పని చేయకండి. నాలుగేళ్ల జావా అని రాస్తే, నిజంగా నాలుగేళ్లు జావాలో తలమునకలైనవాళ్ల పక్కన మిమ్మల్ని నిలబెట్టి ప్రశ్నలడుగుతారు. నేను చాలా ఇంటర్వ్యూలు చేశాను. "మీ ప్రాజెక్టులో సర్వర్ మెమరీ నిండిపోయినప్పుడు ఏం చేశారు?" అని అడిగితే చాలు, చేసినవాళ్లెవరో బట్టీ పట్టినవాళ్లెవరో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంటర్వ్యూ గట్టెక్కినా తర్వాత వెరిఫికేషన్ ఉంటుంది. పద్నాలుగు మంది ఉన్న ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎత్తేది మీ యజమానే. మీరు ఏ పని చేశారో ఆయన ఉన్నదున్నట్టు చెబుతాడు. చేతిదాకా వచ్చిన ఆఫర్ పోతుంది, ఉన్న ఉద్యోగంలో మాటా పోతుంది. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఆ కాగితం మీద మీరు నిజంగా నేర్చుకున్న పని ఒక్క ముక్క కూడా మిగలదు. దానికి విలువ ఉంది. అదేమిటో కింద చెబుతాను.

ఇక మీ అసలు భయం. ఈ భాష చచ్చిపోతోందా?

కోల్డ్ ఫ్యూజన్‌ని 1995లో అమెరికాలో అలైర్ అన్నదమ్ములు జెరెమీ, జేజే తెచ్చారు. డేటాబేస్‌లో ఉన్న సమాచారాన్ని వెబ్ పేజీలో చూపించడమంటే అప్పట్లో పెద్ద తతంగం. హెచ్‌టీఎంఎల్ ట్యాగులు రాయడం వచ్చినవాళ్లు అలాంటి ట్యాగులతోనే ఆ పని చేసుకునేలా చేశారు. అందుకే ప్రభుత్వ కార్యాలయాలు, యూనివర్సిటీలు, ఇన్సూరెన్స్, వైద్యరంగం వాళ్లు దాన్ని బాగా పట్టుకున్నారు. 2001లో అది మాక్రోమీడియా చేతికి, 2005లో అడోబీ చేతికి వెళ్లింది. లైసెన్సుకి డబ్బు కట్టాలి కాబట్టి, ఉచితంగా దొరికే పీహెచ్‌పీ ముందు కొత్తవాళ్లను ఆకట్టుకోలేకపోయింది. తర్వాత అదే భాషలో రాసిన ప్రోగ్రాములను ఉచితంగా నడిపే లూసీ వచ్చింది గానీ అప్పటికే జనం వేరే దారుల్లో వెళ్లిపోయారు. అయినా అడోబీ 2025లో కూడా కొత్త వెర్షన్ విడుదల చేసింది.

చచ్చిపోవడం అంటే ఎలా ఉంటుందో, బ్రౌజర్‌లో బొమ్మలూ ఆటలూ ఆడించిన ఫ్లాష్‌ని చూస్తే తెలుస్తుంది. అదీ అడోబీదే. 2020 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆపేస్తున్నామని మూడేళ్ల ముందే చెప్పారు, చెప్పినట్టే ఆపేశారు, బ్రౌజర్లు కూడా దాన్ని తీసేశాయి. చూసేవాళ్ల కంప్యూటర్‌లో నడిచే వస్తువుకి ఆ ప్రమాదం ఉంది. కోల్డ్ ఫ్యూజన్ నడిచేది సర్వర్ మీద. బ్రౌజర్‌కి వెళ్లేది మామూలు పేజీయే, వెనకాల ఏ భాష ఉందో దానికి పట్టదు. కాబట్టి బయటివాళ్లెవరూ ఒక్క రోజులో దీన్ని పీకేయలేరు. ఒక్కో కంపెనీ తన వీలునిబట్టి, తన ఖర్చునిబట్టి మెల్లగా వదిలించుకుంటుంది. పదిహేనేళ్లు పట్టినవాళ్లూ ఉన్నారు. ఇంకోమాట, పేరున్న వాటికైనా గ్యారంటీ లేదు. ఒకప్పుడు మన దగ్గర కోచింగ్ సెంటర్లన్నీ నేర్పిన, వెబ్ పేజీలు కట్టే ఆంగ్యులర్ జేఎస్‌కి గూగుల్ 2021 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆపేసింది.

అలాగని పాత భాషలకే గిరాకీ అంటూ ఓదార్చేవాళ్ల మాటా పట్టుకోకండి. వాళ్లు కోబాల్ అనే పాతకాలపు ప్రోగ్రామింగ్ భాష కథ చెబుతారు. 2020 ఏప్రిల్‌లో కరోనా సమయంలో నిరుద్యోగ భృతి దరఖాస్తులు పోటెత్తితే, కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని న్యూజెర్సీ గవర్నర్ అడిగిన మాట నిజమే. ఆయన అడిగింది స్వచ్ఛందంగా వచ్చేవాళ్లను. ఒక ఆపత్కాలంలో వచ్చిన పిలుపు చూసుకుని ముప్పై ఏళ్ల బతుకు నిర్మించుకోలేం.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది భాష పేరు కాదు. "ఇద్దరు క్లయింట్లు" అన్న మాట.

మాది అంబాజీపేట దగ్గర. 1996 నవంబర్ 6 రాత్రి వచ్చిన తుఫాను మీ ఇంట్లో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. తెల్లారి చూస్తే మా తోటలో నిలబడిన కొబ్బరిచెట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా చుట్టుపక్కల తోటలన్నిటికీ దింపు తీసే ఆయన ఒకాయన ఉండేవాడు. ఆయనంత వేగంగా, కాయ పగలకుండా దింపు తీసేవాడు ఆ నాలుగూళ్లలో లేడు. ఆ ఉదయం మా గట్టు మీద కూర్చుని పడిపోయిన చెట్లవైపు చూస్తున్న ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఆయన పనితనం ఎక్కడికీ పోలేదు. ఎక్కడానికి చెట్లు లేవు, అంతే. వేసిన మొక్కలు కాపుకి రావాలంటే ఐదారేళ్లు. ఈలోపు ఆ కుటుంబం రాజమండ్రి వెళ్లి కూలి చేసుకుంది.

అదే నాకు ఉద్యోగంలో జరిగింది. నేను 2004లో హైదరాబాద్‌లో పెర్ల్ ప్రోగ్రామర్‌గా చేరాను. 1987లో లారీ వాల్ తయారుచేసిన భాష అది. తొంభైల్లో వెబ్ పేజీ వెనక పనిచేసే స్క్రిప్టులంటే చాలావరకు పెర్లే. 2000లో పెర్ల్ 6 వస్తుందని ప్రకటించారు. అది చేతికొచ్చేసరికి 2015 డిసెంబర్ అయింది. చివరికి అది వేరే భాషే అని 2019లో పేరు కూడా రాకు అని మార్చారు. ఆ ఎదురుచూపుల్లోనే చాలామంది పీహెచ్‌పీకి, పైథాన్‌కి వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. పని బాగా వచ్చు, మేనేజర్ మెచ్చుకుంటున్నాడు, ఇంకేం కావాలి అనుకున్నాను. మా టీమ్ మొత్తం ఒకే ఒక్క అమెరికా క్లయింట్ మీద బతుకుతోందన్న సంగతి నాకు తెలుసు గానీ దాని అర్థం తెలియలేదు. 2011లో ఆ క్లయింట్ రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కొనుక్కున్నాడు. తొమ్మిది మందిమి ఒకే నెలలో ఇంటికి వచ్చేశాం. ఏడు నెలలు ఖాళీగా ఉన్నాను. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "జావాలో రిలవెంట్ ఎక్స్‌పీరియన్స్ ఎంత?" అనే అడిగేవారు. సున్నా అని చెప్పి ఫోన్ పెట్టేసేవాణ్ని. అప్పటికి మా పాపకి ఏడాది. అందుకే మీ ఉత్తరం చదివాక వెంటనే రాయాలనిపించింది.

నన్ను బయటపడేసింది కూడా పెర్లే. ఒక కంపెనీ తన పాత పెర్ల్ ప్రోగ్రాములను పైథాన్‌లోకి మార్చుకుంటోంది. పైథాన్ వచ్చినవాళ్లు వాళ్లకు బోలెడుమంది దొరికారు. పాత ప్రోగ్రామ్ చదివి, "ఈ లైను ఎందుకుందంటే, ఫలానా కస్టమర్‌కి డిస్కౌంట్ రెండుసార్లు పడకుండా" అని చెప్పగలిగేవాళ్లు దొరకలేదు. నాకు అప్పటికి పైథాన్ మూడు నెలలే వచ్చు. అదే చెప్పాను. తీసుకున్నారు.

ఇప్పుడు మీ చేతిలో ఏముందో చూద్దాం. మీది ఉప్పలగుప్తం అంటున్నారు కాబట్టి శివారు చేను సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. బొబ్బర్లంక దగ్గర కాలువకి నీళ్లు వదిలితే ఎగువవాళ్లకి ముందు అందుతాయి, మీ దాకా వచ్చేసరికి రోజులు పడుతుంది, వంతులవారీ పెడితే అదీ లేదు. అందుకే శివారు రైతుకి కాలువంతా తెలుస్తుంది. ఏ తూము మూసుకుపోయింది, ఎక్కడ గుర్రపుడెక్క పట్టింది, ఏ లాకు దగ్గర ఎవరితో మాట్లాడాలి, అన్నీ తెలుసుకోకపోతే ఆయన చేను తడవదు. జనం తక్కువ వాడే భాషలో పనిచేసేవాళ్లదీ ఇదే పరిస్థితి. కొత్త పేమెంట్ గేట్‌వే వస్తే జావాకి, పైథాన్‌కి, నోడ్‌కి రెడీమేడ్ లైబ్రరీ ఇస్తారు. మీకు ఇవ్వరు. రిక్వెస్ట్ ఎలా పంపాలి, డిజిటల్ సంతకం ఎలా సరిచూడాలి, జవాబు రాకపోతే ఏం చేయాలి అనేది మీరే కూర్చుని రాసి ఉంటారు. ఈ నాలుగేళ్లలో అలాంటి పనులు ఎన్ని చేశారో ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో భాషతో సంబంధం లేనివే ఎక్కువ ఉంటాయి.

ఇంకో అదృష్టం ఉంది, మీరు దాన్ని గమనించినట్టు లేదు. 2002లో వచ్చిన వెర్షన్ నుంచి కోల్డ్ ఫ్యూజన్ జావా మీదే నడుస్తోంది. 2012లో వచ్చిన కోల్డ్ ఫ్యూజన్ 10 నుంచి అడుగున ఉన్న సర్వర్ టామ్‌క్యాట్. డేటాబేస్ టేబుళ్లను ఆబ్జెక్టులుగా చూపించే సదుపాయం 2009 నుంచి ఉంది కదా, దాని వెనకున్నది హైబర్నేట్ అనే జావా పనిముట్టు. హైదరాబాద్‌లో జావా ఇంటర్వ్యూల్లో అడిగేవి ఈ పేర్లే. మీకు ఎర్రర్ వచ్చినప్పుడు తెర నిండా పొడుగ్గా పడే లైన్లు జావావే. వాటిని ఇన్నాళ్లూ కిందికి జరిపేసి మీ ఫైల్ పేరు ఒక్కటే వెతుక్కుని ఉంటారు. రేపటి నుంచి పైనుంచి కిందిదాకా చదవండి. మీ కోడ్‌లోంచి జావా క్లాసుని నేరుగా పిలవొచ్చు. రిపోర్టులు తయారుచేయడం, ఎక్సెల్ ఫైళ్లు చదవడం లాంటి ఒక చిన్న పని తీసుకుని, దాన్ని జావాలో రాసి, ఇప్పుడున్న సైట్‌లోంచే పిలిచేలా చేయండి. ఉద్యోగం మారకుండానే మీ రోజువారీ పనిలోకి జావా వస్తుంది. అప్పుడు రెజ్యూమెలో రాసే జావా అబద్ధం కాదు. లూసీ కూడా జావాలోనే రాశారు. దాని సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. రాత్రి గంటసేపు అది చదివితే ఏ కోచింగ్ సెంటర్ నేర్పనిది వస్తుంది.

మరి రియాక్టా, జావానా అంటారేమో. మీ విషయంలో నా ఓటు జావాకే, ఎందుకంటే దాని మీద మీరు ఇప్పటికే నిలబడి ఉన్నారు. తర్వాత జావాలో వెబ్ అప్లికేషన్లు కట్టే స్ప్రింగ్ బూట్. రియాక్ట్ పని జరిగేంత నేర్చుకోండి చాలు. డేటాబేస్‌ని అడిగే భాష ఎస్‌క్యూఎల్‌ని మాత్రం లోతుగా పట్టండి. నాకు పెర్ల్ పోయింది గానీ ఎస్‌క్యూఎల్, లినక్స్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు ఇరవై ఏళ్లుగా అన్నం పెడుతూనే ఉన్నాయి.

కంపెనీలో ఉంటూనే కొన్ని సంగతులు తెలుసుకోవాలి. మీ సర్వర్ల మీద ఏ వెర్షన్ నడుస్తోంది? దానికి అడోబీ ఇంకా ప్యాచ్‌లు, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్లు ఇస్తోందా? క్లయింట్లిద్దరి ఒప్పందాలు ఎప్పటిదాకా ఉన్నాయి? వాళ్లు వేరే సాఫ్ట్‌వేర్ చూస్తున్నారా? వెర్షన్ సంగతి మామూలు విషయం అనుకోకండి. 2023 జూన్‌లో అమెరికాలో ఒక ప్రభుత్వ సంస్థ పాత కోల్డ్ ఫ్యూజన్ సర్వర్లలోకి దొంగలు చొరబడ్డారని అక్కడి సైబర్ భద్రతా సంస్థ సిసా ఆ డిసెంబర్‌లో హెచ్చరిక ఇచ్చింది. ఆ లోపానికి అడోబీ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, వీళ్లు వేయలేదు. ఇన్సూరెన్స్ క్లయింట్ల దగ్గర జనం వ్యక్తిగత వివరాలు ఉంటాయి. ఈ వార్త ప్రింట్ తీసి మీ మేనేజర్ ముందు పెట్టి, "వెర్షన్ మార్చే పని, ప్యాచ్‌ల పని నాకివ్వండి" అని అడగండి. ఎవరూ ముట్టుకోని పని కాబట్టి ఇస్తారు. పాత ప్రోగ్రాముల్లో యూజర్ ఇచ్చిన విలువను నేరుగా డేటాబేస్ క్వెరీలో అతికించిన చోట్లన్నీ వెతికి సరిచేయడం కూడా అందులోకే వస్తుంది. సెక్యూరిటీ, అప్‌గ్రేడ్, తర్వాత ఎప్పుడో మైగ్రేషన్, అంటే వేరే భాషలోకి మార్చడం. ఈ మూడూ చేసిన మనిషికి ఇంటర్వ్యూలో చెప్పడానికి బోలెడు ఉంటుంది. క్లయింట్ రేపు కోల్డ్ ఫ్యూజన్ వదిలేసి జావాకి వెళ్లిపోతానన్నా, ఆ మార్పు చేసిపెట్టేవాళ్లలో మొదటి పేరు మీదే అవుతుంది.

ఒకవేళ మీ యజమాని ఈ ప్రశ్నలకు జవాబు దాటేస్తున్నాడనిపించినా, ఏడాదిలోపు ఒప్పందం అయిపోతుందని తెలిసినా, నెమ్మదిగా నేర్చుకుని మారదాం అన్న మాట పక్కనపెట్టి వెంటనే ఇంటర్వ్యూలు మొదలుపెట్టండి. ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు బ్యాంకులో పడేదాకా వేరే పెద్ద ఖర్చులేవీ తలకెత్తుకోకండి. నా ఏడు నెలలు నాకు నేర్పింది ఇదే.

జీతం గురించి. హైదరాబాద్‌లో హాస్టల్, తిండి, రాకపోకలు తీసేస్తే స్నేహితుల రెండింతలు ఒకటిన్నర అవుతుంది. అయినా అది ఎక్కువే. ఇంటి దగ్గరున్నావు కదా అని తక్కువ ఇవ్వడం న్యాయం కాదు. నాలుగేళ్లుగా ఆ సైట్లు ఎక్కడ ఏముందో తెలిసిన మనిషి వెళ్లిపోతే కొత్తవాళ్లను పట్టుకోవడం ఎంత కష్టమో మీ యజమానికి బాగా తెలుసు. గట్టిగా అడగండి. విదేశీ కంపెనీలకి ఇంటి నుంచి చేసే కోల్డ్ ఫ్యూజన్ పనులూ అప్పుడప్పుడు దొరుకుతాయి. అమెరికా ప్రభుత్వ పనుల్లో చాలావాటికి ఆ దేశ పౌరసత్వం అడుగుతారు కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోకండి. మిగతావి ఎక్కువగా కాంట్రాక్టులు, పీఎఫ్ ఉండదు, రాత్రిపూట మేలుకోవాలి.

రెజ్యూమె ఎలా రాయాలో అడగలేదు గానీ చెబుతాను. కోల్డ్ ఫ్యూజన్‌ని దాచకండి, అలాగని మొదటి లైన్లో పెట్టకండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎలా కదులుతుంది, ప్రీమియం లెక్క ఎక్కడ తప్పుతుంది లాంటివి మీకు తెలుసు. ఆ వ్యాపారం తెలిసిన ప్రోగ్రామర్లు హైదరాబాద్ కంపెనీలకీ కావాలి. ముందు అది రాయండి. తర్వాత మీరు పరిష్కరించిన సమస్యలు, వాడిన డేటాబేస్, టామ్‌క్యాట్, జావాలో చేసిన ముక్కలు ఎన్ని నెలలైతే అన్ని నెలలు. కొన్ని పెద్ద కంపెనీలు రిలవెంట్ లెక్కలో మిమ్మల్ని పక్కనపెడతాయి. ఇంకొన్ని ఒకటి రెండేళ్లు తగ్గించి తీసుకుంటామంటాయి. అది అవమానంగా తీసుకోకండి. పని మంచిదైతే ఒప్పుకోండి, రెండేళ్లలో ఆ తేడా తీరిపోతుంది.

నాన్నగారి మాట కొట్టిపారేయకండి. శివారు చేను చేసుకుని మిమ్మల్ని బీటెక్ చదివించిన మనిషి, చేతిలో ఉన్నదాని విలువ ఆయనకి తెలుసు. ఉద్యోగం మానేస్తున్నానని కాకుండా, ఇద్దరు క్లయింట్లు పోతే ఏమవుతుందో ఆయనకి విడమర్చి చెప్పండి. 1996 చూసినవాళ్లకి ఈ విషయం ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

నాలుగేళ్లు వేస్ట్ అయ్యాయా అని అడిగారు. కాలేదమ్మా. ఐదో ఏడు కూడా ఇలాగే గడిస్తే మాత్రం నాకు దిగులే. సోమవారం ఆఫీసుకి వెళ్లగానే సర్వర్ అడ్మిన్ పేజీ తెరిచి వెర్షన్ నంబర్ చూడండి, జావా ఏ వెర్షన్‌దో కూడా రాసుకోండి. క్లయింట్ల ఒప్పందాల సంగతి కనుక్కున్నాక మళ్లీ నాకు రాయండి. అప్పుడు నెలలవారీగా ఏం చదవాలో కూర్చుని రాద్దాం.